సత్తెమ్మ పలికిందా?

శాలిబండలో మా గల్లీకి నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చిన పొద్దున ఆండాలు ముందు బిందెలు నింపుకుంటుంది. వాకిలి కడిగి ముగ్గు వేస్తుంది. అమ్మవారి గుడి ఉన్న దిక్కుకు తిరిగి ఒక దండం పెడుతుంది. ఆ తర్వాత చాయ్ గ్లాసు పట్టుకొని గడప మీద కూచుని, ఆ రోజు చదవాల్సిన పేర్లు ఒకసారి నోట్లో తిప్పుకుంటుంది. ఎవరి పేర్లంటారా? పోయినవాళ్ళవి. ఆండాలు వంశాలు చెప్పే మనిషి.

వాళ్ళ నాన్న అంజన్ బాపుది కూడా అదే పని. పాతబస్తీలో పాడి పెట్టుకుని బతికే ఇండ్లకు ఆయనే వంశం చెప్పేవాడు. ఒక్కో ఇంటికి ఒక్కో గుడ్డ చుట్ట. దాని మీద పై నుంచి కిందికి ఆ ఇంటి పేర్లు. పెద్దకర్మలకు, కొత్త ఇంట్లో పాలు పొంగించినప్పుడు ఆ చుట్ట విప్పి, పేర్లు ఒక్కొక్కటీ గొంతెత్తి చదవాలి. పేరు సరిగ్గా చదివితే ఆ పోయినవాళ్ళు "ఊఁ" అంటారు. మనం కథ చెప్తుంటే వినేవాళ్ళు ఊఁ కొడతారు చూడండి, అదే ఊఁ. ఒకరిది బీరువా వెనక నుంచి వస్తుంది, ఒకరిది పాలక్యాను లోపలి నుంచి వస్తుంది. కొందరు ముసలాయనల ఊఁతో పాటు బీడీ దగ్గు కూడా వస్తుంది. ఇంట్లోవాళ్ళు ఆ కాసేపు టీవీ బంద్ చేస్తారు, అంతే. ఊఁ వచ్చిన పేరు పక్కన ఆండాలు పసుపు బొట్టు పెడుతుంది. రాలేదంటే పేరు తప్పయినా అయ్యుండాలి, ఆ మనిషి ఇంకా బతికైనా ఉండాలి. అందుకే బతికున్నవాళ్ళ పేర్లు రాస్తారు గానీ చదవరు.

నయాపూల్ దగ్గర సర్కారు కచేరీలో మాత్రం ఊఁ చెల్లదు. అక్కడ కాగితం కావాలి. అందుకని వారానికి రెండు రోజులు ఆండాలు షేర్ ఆటో ఎక్కి పాత దస్తావేజుల నకళ్ళ కోసం పోతుంది. కాగితానికీ ఊఁకూ పొత్తు కుదిరితేనే ఆమె ఒక మాట చెబుతుంది. కుదరకపోతే కుదరలేదంటుంది.

అట్లాంటి మనిషికి పని తగ్గింది. ఎందుకు తగ్గదు? ఇప్పుడు ఎవరికి ఏం కావాలన్నా ఫోన్లో వెతుకుతారు. వంశాలు చెప్పే పేజీలు ఫోన్లో బోలెడు. ఏ పేజీ చూసినా కిరీటం బొమ్మ, ఏ వంశం చూసినా ఎవరో ఒక మహారాజు దగ్గర మొదలు. ఆండాలు మేనకోడలు వర్షిత డిగ్రీ చదువుతోంది. ఒక ఆదివారం అత్తను కూచోబెట్టి పేజీ తెరిచింది. 'మీ గురించి' అని ఒక డబ్బా ఉంది. వర్షిత టకటకా నింపేసి చదివి వినిపించింది.

"మూడు వందల ఏళ్ళ వారసత్వం. అంతర్జాతీయ గుర్తింపు. పదివేల కుటుంబాల నమ్మకం."

"పదివేల కుటుంబాలా?" అంది ఆండాలు. "శాలిబండల తలుపులన్ని లెక్కబెట్టినా గన్ని లేవు గదనే! ఎవరిచ్చిండ్రు నాకు అంతర్జాతీయం?"

"అందరు గట్లనే పెడ్తరు అత్తా. నువ్వొక్కదానివే నిజం రాస్తె ఎవడు చూస్తడు?"

"పోయినోళ్ళు చూస్తరు. తుడిపెయ్యి. నేను చెప్త, రాయి."

అట్లా రాయించిన మాటలు ఇవి. నేను ఒక్క అక్షరం మార్చడం లేదు:

"నా పేరు ఆండాలు. ఉండేది శాలిబండ. పదో తరగతి తప్పిన. వంశాలు చెప్పుడు మా బాపు దగ్గర నేర్చిన. పాలవాళ్ళ ఇండ్లవి ఏడు తరాల దాక చెప్త. వేరేటోళ్ళవి మూడు తరాలు దాటితే నాకు తెల్వది. పాత ఉర్దూ కాగితాల గొలుసురాత నాకు చదవరాదు. కచేరీల పనిజేసే డానియేలు సారుతోని చదివిపిస్త, అది ఆయన చదివిండనే చెప్త. రాజుల వంశం కావాల్నంటే నా దగ్గరికి రావద్దు. పలికినోళ్ళను పలికిండ్రంట. పలకనోళ్ళను పలకలేదంట."

పెట్టిన గంటలో నవ్వు మొహాలు వచ్చిపడ్డాయి. 'పదో తరగతి ఫెయిల్ మేడమ్‌కు దండాలు' అని ఒకడు. 'మా బర్రె వంశం చెప్తారా ఆంటీ' అని ఇంకొకడు. ఆ ముక్క మీద నలభైమంది నవ్వారు. వర్షిత ఏడుపుమొహం పెట్టుకుంది. "బర్రెలు ఊఁ కొట్టవని రాయి" అని ఆండాలు తన పని తాను చూసుకుంది. పది వారాలు ఒక్క ఫోను రాలేదు.

పదకొండో వారం ఉప్పుగూడ నుంచి వచ్చింది. చేసింది ఒక కాలేజీ పిల్ల, పేరు స్వీటీ. "మా నానమ్మ మిమ్మల్ని రమ్మంటున్నది ఆంటీ. మీ పేజీ నాతోని మూడుసార్లు చదివిపిచ్చుకున్నది. లాస్టు లైనయితే ఐదుసార్లు."

ఆ నానమ్మ పేరు నాగమణమ్మ. ఎనభై దాటాయి. అరవై ఏళ్ళు బర్రెలు పిండిన చేతులు. స్టేషను వెనక వాళ్ళ పాలడెయిరీ అందరికీ తెలుసు. వంశం చుట్ట అంజన్ బాపు రాసిందే, ఆయన పోయాక మళ్ళీ ఎవరూ విప్పలేదు.

ఆండాలు పోయేసరికి గేటు దగ్గరే కొండల్ ఎదురొచ్చాడు. నాగమణమ్మ కొడుకు, స్వీటీ తండ్రి, యాభై దగ్గర పడ్డ మనిషి. లోపలికి పోనియ్యకుండా పాలక్యాన్ల చాటుకు పిలిచాడు.

"అక్కా, ఒక్క మాట. అమ్మ మిమ్మల్ని మా అక్క పేరు చదవమంటది. సత్తెమ్మ అని."

"బతికున్నోళ్ళ పేరు చదవరు గద తమ్మీ."

కొండల్ నేల చూపులు చూశాడు. "బతికి లేదు."

సంగతి ఏమిటంటే, సత్తెమ్మ ఇరవై ఏళ్ళ వయసులో సోలాపూరు మిల్లులో పనిచేసే అబ్బాయితో వెళ్ళిపోయింది. తండ్రి గడప తొక్కనివ్వనన్నాడు. పన్నెండేళ్ళకు కొండల్ పేరు మీద ఒక కార్డు ముక్క వచ్చింది. పాణం బాగలేదు తమ్మీ, అవ్వను తోలుకొని ఒక్కసారి రా, అని. అది బర్రెలు ఈనే కాలం. వచ్చే వారం పోదాంలే అనుకున్నాడు. వచ్చే వారం ఇంకో కార్డు వచ్చింది. అది సత్తెమ్మ రాసింది కాదు.

"అమ్మకు ఏమని చెప్పాలె అక్కా? నువ్వు పోతే బతికేదేమో అంటది గద. మంచిగున్నది, పనుల పడి రాలేకపోతున్నది అని చెప్పిన. పద్దెనిమిదేండ్లు అయింది. ఫోన్లు వచ్చినంక ఇంకో సిమ్ము తీసుకున్న. రోజు పొద్దుగాల అక్క పేరు మీద గులాబిపూల బొమ్మ పంపిస్త. గుడ్ మార్నింగ్ అమ్మా, అన్నం తిన్నవా అమ్మా అని రాస్త. స్వీటీ సదివి వినిపిస్తది. ఆ పిల్లకు గూడ తెల్వదు." కొండల్ రెండు చేతులూ జోడించాడు. "అమ్మకు చెవులు వినరావు. మిషన్ పెడితే మన మాటలు ఇనిపిస్తయి గానీ పోయినోళ్ళ ఊఁ ఆ మిషన్‌కు పట్టదు. పలికిందా అని మిమ్మల్నే అడుగుతది. పలకలే అనుండ్రి. ఒక్క మాట. ఆ ముసల్ది తట్టుకోదు. నా కోసం కాదు."

"నీ కోసం కూడ" అంది ఆండాలు.

"నా కోసం కూడ" అన్నాడు కొండల్.

ఆండాలు అతన్ని దాటుకుని లోపలికి పోయింది.

నాగమణమ్మ తలుపులు దగ్గరికి వేయించింది. స్వీటీ కాలేజీకి పోయింది, కోడలు పాలు పోయడానికి పోయింది. వెనకే వచ్చిన కొండల్‌తో కలిపి గదిలో ముగ్గురే. ముసలమ్మ చెవి మిషన్ సరిచేసుకుని, ఆండాలు చెయ్యి పట్టుకుని పక్కన కూచోబెట్టుకుంది.

"అంజన్ బిడ్డవా? మీ అయ్య అబద్ధం చెప్పి ఎరగడు. నువ్వు గూడ ఫోన్ల గట్లనే రాసుకున్నవట. పదో తరగతి తప్పినని గూడ రాసినవంటనే?"

"తప్పిన పెద్దమ్మా, రాసిన."

"లెక్కల్లనా?"

"లెక్కల్ల, ఇంగ్లీషుల. రెండిట్ల."

ముసలమ్మ బోసినోటితో పక్కున నవ్వింది. "గందుకే పిలిచిన. చదువు."

చుట్ట విప్పారు. ఆండాలు పై నుంచి మొదలుపెట్టింది. ముత్తాత పేరు. గోడలోంచి ఊఁ. ఆయన ఇద్దరు భార్యలు, దూలం దగ్గర నుంచి ఒకరి మీద ఒకరు పడుతూ ఊఁ, ఊఁ. తాత. అతని తమ్ముళ్ళు. నాగమణమ్మ పెనిమిటి. ఆయన ఊఁ మంచం కింద నుంచి వచ్చింది, బతికినన్నాళ్ళూ ఉన్నట్టే విసుగ్గా. ఆండాలు ఒక్కొక్క పేరుకూ పసుపు బొట్టు పెడుతూ, "పలికిండు పెద్దమ్మా" అని మిషన్ దగ్గర చెబుతోంది. ముసలమ్మ తల ఊపుతోంది.

ఆ కింద నాగమణమ్మ పేరు. బతికున్న మనిషి, చదవకుండా దాటేశారు. ఆ కింద రెండు పేర్లు. సత్తెమ్మ. కొండల్.

"దాన్ని చదువు" అంది నాగమణమ్మ.

ఆండాలు గొంతు సవరించుకుంది. "సత్తె..."

పేరు పూర్తికాలేదు. అప్పుడే వచ్చింది ఊఁ. ముసలమ్మ మోకాలి పక్క నుంచి, సన్నగా, ఎన్నాళ్ళుగానో తలుపవతల నిలబడి పిలుపు కోసమే చూస్తున్నట్టు వచ్చింది. కొండల్ గోడకు ఆనుకుపోయాడు.

ముసలమ్మ ఆండాలు మొహంలోకి చూసింది. "పలికిందా?"

అమ్మలారా, అయ్యలారా, మీరు ఆ చోట ఉంటే ఏమనేవారు? ఎనభై ఏళ్ళ తల్లి. ఎదురుగా చేతులు జోడించి కొడుకు. ఆండాలు పేజీలో రాసుకున్న మాట ఆండాలుకు గుర్తు లేకపోలేదు. గుర్తుంది. కానీ దయ అనేది కూడా భగవంతుడు ఇచ్చిందే అనుకుంది ఆ క్షణాన. జన్మలో మొదటిసారి అబద్ధమాడింది.

"పలకలే పెద్దమ్మా."

"సరింగ విన్నవా?"

"విన్న. పలకలే. బతికే ఉన్నది."

కొండల్ ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. నాగమణమ్మ మొహంలో వెలుగు వస్తుందని ఆండాలు చూసింది. రాలేదు. ముసలమ్మ పట్టుకున్న చెయ్యి మెల్లగా వదిలేసింది.

"బతికే ఉన్నదా" అంది. "నేను పోయిందనుకున్న బిడ్డా. ఎప్పటి సంది అనుకున్న ఎర్కేనా? ఆ ఫోను మొదటిసారి వచ్చిన రోజు సంది. నా సత్తెమ్మ మాటలు వచ్చినకాడికెల్లి నన్ను అవ్వా అన్నది. అమ్మా అనేది వీడు, బడికి పోయినోడు. ఫోన్ల అన్ని 'అమ్మా, అమ్మా' అని ఉంటయి. అరె, ఇది నా బిడ్డ కాదు, నా బిడ్డ ఎన్నడో పోయింది, నేను ఏడుస్తనని కొడుకు నాటకమాడుతుండు అనుకున్న. ఆడనియ్యి అనుకున్న. పోయిన పిల్ల మీద పంతమేముంటది? తండ్రి సచ్చినప్పుడు రాలే అంటే, ఎట్లొస్తది, అదే లేకపాయె. నా కండ్లకు ఆపరేషన్ అయిన్నాడు రాలే, ఎట్లొస్తది. రోజు దీపం ముట్టిచ్చి దాని పేరు మీద గూడ ఒక దండం పెడుతున్న. ఒక్కసారి నీ నోట పలికింది అని వింటే, దానికి ఇంత పిండం పెట్టిపిచ్చి నేను గూడ పోదామనుకున్న."

ఆండాలు కొండల్ వైపు చూసింది.

"బతికుండి రాలేదన్నట్టు" అంది నాగమణమ్మ. గొంతులో కోపం లేదు. అదే భయం వేసింది. "తండ్రి పీనుగ ఇంట్ల ఉంటే పూల బొమ్మ పంపింది. అవ్వా అనుడు గూడ మర్చిపోయింది."

చుట్ట దగ్గరికి లాక్కుంది. బొటనవేలు నాలుక మీద తడి చేసుకుంది. పిల్లలు బడిలో తుడిచినట్టు సత్తెమ్మ పేరు మీద పెట్టి రుద్దింది.

పేరు తీసెయ్యడానికి ఆ ఇంటి పెద్ద ఆడమనిషికి ఒక్కదానికే హక్కు ఉంటుంది. తీసేస్తే ఆ పోయినవాళ్ళు ఏ ఇంటికీ చెందరు. పిలిచేవాళ్ళూ ఉండరు, పలికే చోటూ ఉండదు. అట్లాంటిది ఏ ఇంట్లోనూ జరగగా తను చూడలేదని అంజన్ బాపు చెప్పేవాడు.

"ఊఁ" అంది మోకాలి పక్క గొంతు. ఎవరూ పిలవలేదు. "ఊఁ. ఊఁ." రుద్దుతున్నకొద్దీ తొందరగా, ఒకదాని వెనక ఒకటి.

"పెద్దమ్మా, ఆగు!" ఆండాలు ఆ చెయ్యి పట్టుకుంది. ఆగే చెయ్యా అది? "పలికింది పెద్దమ్మా! అబద్ధం చెప్పిన. మొదాలే పలికింది, ఇప్పుడు గూడ పలుకుతున్నది, విను, నీ కాళ్ళకాడనే ఉన్నది!"

బొటనవేలు ఆగింది. అప్పటికి గుడ్డ మీద నల్లటి మరకే మిగిలింది. గొంతు కూడా ఆగింది.

నాగమణమ్మ ఆండాలు బుగ్గ నిమిరింది. "నా మొహం చూసి మాట మారుస్తున్నవు. మంచిదానివి."

"అమ్మవారి తోడు!"

"మల్ల చదువు మరి."

ఆండాలు చదివింది. సత్తెమ్మ. గొంతు పగిలేలా చదివింది. సత్తెమ్మా. ఏ మూల నుంచీ ఊఁ రాలేదు. బయట బర్రె మెడలో గంట ఒక్కటి కదిలింది.

నాగమణమ్మ కొడుకు వైపు తిరిగింది. "నీ చెవులు మంచిగనే ఉన్నయి గద. పలికిందారా?"

కొండల్ అక్క పేరు ఉన్న చోటు చూశాడు. ఆండాలు కళ్ళతోనే అతన్ని బతిమాలింది. నోరు తెరిస్తే ముందు కార్డు ముక్క సంగతి రావాలి. ఆ సిమ్ము సంగతి రావాలి.

"లే అమ్మా" అన్నాడు. "పలకలే."

వట్టి నిజం అది. ఆ నిమిషానికి.

గేటు దాకా సాగనంపుతూ కొండల్ చిన్న గొంతుతో అన్నాడు, "నేనేం జెయ్యాలె అక్కా? ముందు పలకలే అన్నది మీరే గద."

ఇంటికి వచ్చి ఆండాలు అన్నం ముట్టలేదు. వర్షితను కూచోబెట్టింది. "రాయి" అంది. 'మీ గురించి' డబ్బాలో అన్నిటికంటే పైన రాయించింది. "ఉప్పుగూడల ఒక ఇంట్ల పలికిన బిడ్డను పలకలేదని చెప్పిన. దాని వల్ల ఆ బిడ్డ పేరు పోయింది. నా మాట నమ్మి ఎవ్వరు నా దగ్గరికి రావద్దు."

"అత్తా, గిది పెడితే మొత్తం బందే ఇగ."

"పెట్టు."

తెల్లారేసరికి కింద ఒక రాత ఉంది. ఐదు నక్షత్రాలతో. రాసింది స్వీటీ.

"మా నానమ్మ చెప్తుంటే రాస్తున్నా. ఈ ఆండాలు ఆంటీ మా ఇంటికి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది. నానమ్మ బాధపడుతుందని ఇప్పుడు నింద తన మీద వేసుకుంటున్నది. ఆ మాట నమ్మకండి. పదో తరగతి తప్పినానని కూడా దాచుకోని మనిషి అబద్ధం చెప్తదా?"

సాయంత్రానికి నాలుగు వందలమంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. బర్రె వంశం అడిగినవాడు కూడా సారీ ఆంటీ అని రాశాడు. మరునాడు పొద్దున ఏడిళ్ళ నుంచి ఫోన్లు. ఆండాలు ప్రతి ఒక్కరికీ చెప్పింది, నేను అబద్ధం చెప్పిన మనిషిని అని. చెప్పినకొద్దీ ఇంకా గట్టిగా నమ్మారు.

అమ్మవారు ఆమెకు ఏ శిక్షా వేయలేదు. గొంతు పోలేదు, చెవులు పోలేదు. ఏ ఇంట్లో పేర్లు చదివినా పోయినవాళ్ళు ఎప్పటిలా ఊఁ అంటూనే ఉన్నారు. శిక్ష వేస్తే కాస్త తేలికయ్యేదేమో. ఆ తల్లి లీల మనకెక్కడ తెలుస్తుంది?

ఉప్పుగూడలో నాగమణమ్మ ఆ సిమ్ము నంబరు స్వీటీ చేత ఆపేయించింది. పొద్దున దీపం ముట్టిస్తుంది, ఒక దండం తక్కువ పెడుతుంది. కొండల్ రెండుమూడుసార్లు ఏదో చెప్పబోయి, చెవి మిషన్ బ్యాటరీ ఉందా అని అడిగి ఊరుకున్నాడు. కార్తీకం వెళ్ళే ముందు ముసలమ్మ నిద్రలోనే పోయింది.

పెద్దకర్మ రోజున వంశం చదవడానికి ఆండాలునే పిలిచారు. ఇంకెవరిని పిలుస్తారు? పేరున్న మనిషి. వాకిలి నిండా చుట్టాలు. ఆమె చుట్ట విప్పింది. ముత్తాత, ఇద్దరు భార్యలు, తాత, తమ్ముళ్ళు, మంచం కింది పెద్దాయన, అందరూ వరసగా పలికారు. తర్వాత మొదటిసారి ఆ పేరు చదివింది.

"నాగమణమ్మ."

పలకలేదు. ఆండాలు మళ్ళీ చదివింది. పలకలేదు. చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. స్వీటీ ఏడవడం మొదలుపెట్టింది.

ఆండాలు వేలు కిందికి జరిగి నల్లటి మరక మీద ఆగింది. అక్కడ చదవడానికి ఏమీ లేదు. అయినా చదివింది.

"సత్తెమ్మ."

"ఊఁ."

పాలక్యానులోంచి కాదు, గోడలోంచి కాదు, గది నాలుగు మూలల నుంచీ ఒక్కసారే వచ్చింది. బొంగురుగా, అరవై ఏళ్ళు బర్రెలను అదిలించిన గొంతు. అక్కడ ఉన్నవాళ్ళలో ఆ గొంతు ఎరగనివాళ్ళు లేరు. తన పేరుకు పలకని మనిషి బిడ్డ పేరుకు పలికింది. పోయినవాళ్ళకు చెవి మిషన్ అక్కరలేదు గదా. అన్నీ వినే ఉంటుంది.

"నాన్నా, నానమ్మ ఎందుకు గట్ల పలికింది?" అంది స్వీటీ.

కొండల్ కళ్ళు తుడుచుకోలేదు. చుట్టాల వైపు చూడలేదు.

"తర్వాతది చదువుండ్రి అక్కా" అన్నాడు.

తర్వాత ఉన్నది అతని పేరే.